నిద్ర చేయని రబ్బరు

రబ్బరు గురించి నాలుగు ముక్కలు చెప్పమని మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. సూర్యాపేటలో మా సందు మొదట్లో టీ కొట్టాయనను అడిగితే "రబ్బర్ సారు ఇల్లా? గా గేటు" అని చూపిస్తాడు. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేస్తే మిగిలిన బిరుదు అది. వచ్చినవాళ్లు సూత్రాలు అడుగుతారు. సూత్రాలన్నీ మీ ఫోన్లోనే ఉన్నాయి కదా నాయనా, నన్నెందుకు విసిగిస్తారు? నా దగ్గర ఉన్నది నేను చేసిన ఒక తప్పుడు పని. అది మీ ఫోన్లో దొరకదు. ఓపిక ఉంటే వినండి, నాకైతే చెప్పే ఓపిక కూడా అంతంత మాత్రమే.

కోదాడ ఊరి బయట ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. రైస్ మిల్లులకు రబ్బర్ రోల్స్ తయారు చేసేవాళ్లం. రోల్ అంటే మీ అమ్మమ్మ పచ్చడి నూరిన రోలు అనుకునేరు. కాదు. ఇనుప డ్రమ్ము మీద మందంగా రబ్బరు పొర చుట్టి, ఆవిరిలో ఉడికిస్తే అది రోల్. మిల్లులో వడ్ల పొట్టు తీసే మెషిన్‌ను షెల్లర్ అంటారు. అందులో ఇలాంటి రోల్స్ రెండు పక్కపక్కన తిరుగుతుంటాయి, ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా. వడ్లు వాటి మధ్య పడితే ఒకటి ముందుకు గుంజుతుంది, ఇంకొకటి వెనక్కి పట్టుకుంటుంది. పొట్టు చీలిపోయి గింజ నిండుగా బయటికొస్తుంది. అక్కడ ఇనుము పెడితే పిండి వస్తుంది. రబ్బరు గింజకు లొంగుతుంది, లొంగిన మరుక్షణం తన చోటికి తాను వస్తుంది. ఆ రెండో పని చేయలేనిది రబ్బరు కాదు. గట్టిపడిపోతే గింజను విరగ్గొడుతుంది, నూకలు పడతాయి. మిల్లు వాళ్లకు నూక అన్న మాట వినపడితే చాలు, ప్రాణం ఉసూరుమంటుంది.

అది ఎందుకు తిరిగి వస్తుందో మిల్లుల్లో చాలామందికి చెప్పాను, ఒక్కరూ సరిగ్గా వినలేదు. విన్నది ఒకే ఒక్కాయన. మిర్యాలగూడలో ఒక మిల్లులో షెల్లర్ నడిపే పెద్దాయన. సొంతూరు చివ్వెంల దగ్గరి పల్లె, గొర్లు కాసే ఇల్లు. ఇరవై ఏళ్ల పైనే ఆ ఒక్క మెషిన్ ముందే నిలబడ్డాడు. మెషిన్ కింద దోసిలి పట్టి, వచ్చిన గింజలను అరచేతుల మధ్య నలిపి, ఊక ఊది, ఒక్క చూపు చూసేవాడు. ఆ తర్వాత రోల్స్ మధ్య సందు తగ్గించే చక్రాన్ని అంగుళమో అరంగుళమో తిప్పేవాడు. అంతే, నూక ఆగిపోయేది. రబ్బరు గట్టిదనం కొలిచే నా మీటర్లు ఆయన చేతుల ముందు బలాదూర్.

ఒకరోజు ఆయనే అడిగాడు. "సారు, గుంజితే సాగుతది, ఇడిస్తే మల్ల ఎనుకకొస్తది. దీనికి తొవ్వ ఎవలు సూపుతరు?"

జేబులోంచి రబ్బరు బ్యాండు తీసి సర్రున సాగదీసి ఆయన పెదవికి ఆనించాను. వెచ్చగా తగిలేసరికి ఉలిక్కిపడి నవ్వాడు. రబ్బరు లోపల పొడుగాటి దారాల్లాంటివి చిక్కుపడి ఉంటాయనీ, అవి ఎప్పుడూ కదులుతూనే ఉంటాయనీ, లాగితే వరసగా నిలబడతాయి గానీ వదలగానే తమ చిక్కులోకి తాము పోతాయనీ చెప్పాను. ఉడికించేటప్పుడు గంధకం కలుపుతాం, అది ఆ దారాలకు అక్కడక్కడ ముడులు వేస్తుంది, ముడులు లేకపోతే రబ్బరు బంకలాగా కారిపోతుంది, మరీ ఎక్కువైతే రాయి అవుతుంది అన్నాను.

"అంటే గొర్లను కట్టే తలుగుతాడు లెక్కనే గద సారు. నాలుగు గొర్లకొక తలుగేస్తే మంద మెసల్తది, మేస్తది, మల్ల దగ్గరికొస్తది. దేని కాలుకు దానికి కట్టేస్తే ఇగ అది మందేంది, గోడైతది" అన్నాడు.

ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు ఇంతకన్నా బాగా నేను ఏనాడూ చెప్పలేకపోయాను.

ఇక మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది, అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. ఆవిరిలోంచి తీసిన రోల్‌ను వెంటనే కొలవకూడదు. వేడి మీద రబ్బరు మెత్తగా ఉన్నట్టు కనిపిస్తుంది, మీటరు తక్కువ అంకె చూపిస్తుంది. ఒక పగలు, ఒక రాత్రి నీడలో కొయ్య స్టాండు మీద పెట్టి, పూర్తిగా చల్లారాక కొలవాలి. గట్టిదనం తొంభై దాటితే పక్కన పడేయాలి. మా దగ్గర ఫినిషింగ్‌లో ఒక అక్క పనిచేసేది, తండా నుంచి రోజూ ఆటోలో వచ్చేది. ఆ చల్లార్చడానికి పేరు పెట్టింది ఆమే. మా వైపు ఎవరి ఇంట్లోనైనా చావు జరిగితే, కర్మలైన తర్వాత ఆ ఇంటివాళ్లను చుట్టాలు తమ ఇంటికి తీసుకెళ్లి ఒక రాత్రి పడుకోబెడతారు. నిద్రకు తీసుకపోవడం అంటారు. నిద్ర చేయకుండా మనిషి మళ్లీ పనిలో పడకూడదు. "ఇదీ నిప్పుల కెల్లి లేసొచ్చిందే గద సారు, దీన్ని గూడ నిద్ర చేపియ్యాలె. కాగినప్పుడు దీన్నేమడిగినా అబద్ధమే చెప్తది" అనేది ఆమె. అట్లా మా ఫ్యాక్టరీలో అందరి నోటా 'నిద్ర' అయిపోయింది. "నిద్రయిందా?" "కాలే." ఓనర్ కూడా అదే మాట అనేవాడు.

నా పని ఏమిటంటే, నిద్ర అయిన రోల్‌ను కొలిచి, అంకె రిజిస్టరులో రాసి, సంతకం పెట్టడం. క్వాలిటీ సారు అనేవాళ్లు. గొప్పగా ఉంది కదూ వినడానికి.

నేనా తప్పు చేసిన ఏడాది వానాకాలం వడ్లు విరగ పండాయి. మిల్లుల ముందు ట్రాక్టర్లు రోడ్డు మీదికి బారులు కట్టాయి. మిర్యాలగూడ సేటు, అదే ఆ పెద్దాయన పనిచేసే మిల్లు యజమాని, పొద్దుటి నుంచి మా ఓనర్‌కు ఫోన్ మీద ఫోన్. మధ్యాహ్నం మా ఓనర్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయనది ఆంధ్రా సరిహద్దు మాట.

"ఏమండీ, బండి వచ్చేసి ఉందండీ. ఆ నాలుగు రోల్సూ ఎక్కించేద్దాం. ఒక్క రోజుకి ఏం కొంపలు మునిగిపోతాయి చెప్పండి?"

రోల్స్ అప్పుడే బయటికి వచ్చాయి. దగ్గరికి వెళితే ముఖానికి సెగ కొడుతోంది. మీటరు ఆనించాను. అంకె తొంభై లోపే ఉంది. అక్క రోల్ అంచులు కోసే కత్తి పక్కన పెట్టి నా చేతి వైపే చూస్తోంది.

"సారు, గవి నిద్ర చెయ్యలే."

"పాతికేండ్ల సంది సూస్తున్న అక్కా. నాకు తెల్వదా?"

ఆమె కత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది. నేను రిజిస్టరు తీసి, మరుసటి రోజు తేదీ వేసి, ఆ అంకె రాసి, సంతకం పెట్టాను. బండి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం సూర్యాపేట బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషపడ్డట్టు కూడా గుర్తు.

ఆ రోజు గంధకం తూకం వేసే అతను ఒకసారి వేసి, ఫోన్ వస్తే బయటికి పోయి, తిరిగొచ్చి మళ్లీ వేశాడట. ఇది చాలా తర్వాత తెలిసింది. అతన్ని తిట్టే హక్కు నాకు లేదు. మనుషులు అలాంటి తప్పులు చేస్తారనే కదా నన్ను పెట్టుకుంది. ఆ రోల్స్ ఒక రాత్రి స్టాండు మీద ఉండి ఉంటే పొద్దున్నే దొరికిపోయేవి.

మూడో రోజు సేటు నుంచి ఫోన్. నూకలు విపరీతంగా పడుతున్నాయి, ఒకసారి వచ్చి చూడమన్నాడు. వెళ్లాను. మిల్లు గేటు దగ్గరే సేటు నన్ను పక్కకు తీసుకెళ్లాడు.

"మీ రోల్స్ గురించి కాదు సారూ. కొత్తయే గద, మంచిగనే ఉంటయ్. మా పెద్దాయనకే మనసు మనసుల లేదు. పెండ్లాం పోయి నెల అయితున్నది. నిద్రకు పోయొచ్చిన తెల్లారే డ్యూటీ ఎక్కిండు. వద్దంటే ఇనడు. మీరు జర చెప్పి సూడుండ్రి."

ఆమె పోయిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. లోపలికి వెళ్లాను. పెద్దాయన మనిషి సగమయ్యాడు. దోసిట్లో గింజలు పట్టుకుని చూస్తున్నాడు, సగానికి సగం ముక్కలు. మెషిన్ ఆపించి రోల్ మీద బొటనవేలి గోరు గుచ్చాను. గోరు దిగలేదు. ఆ క్షణమే తెలిసిపోయింది నాకు. కొలవాల్సిన అవసరమే లేదు. మీటరు నా భుజానికి వేలాడే సంచిలోనే ఉంది. జిప్ లాగితే చాలు.

లాగలేదు. ఎందుకు లాగలేదంటే ఏం చెప్పమంటారు? రిజిస్టరులో దొంగ తేదీ ఉంది. దాని కింద నా సంతకం ఉంది. రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లు ఉంది. పైగా ఎండన పడి రెండు బస్సులు మారి వచ్చి ఉన్నాను, ఎవరితోనూ గొడవ పడే శక్తి లేదు. ఇవన్నీ కారణాలు కావని నాకు తెలుసు. మీరు అడుగుతారని చెప్తున్నాను.

నేను నోరు తెరవకముందే పెద్దాయన చేతులు జోడించాడు. "తప్పు నాదే సారు. చక్రం తిప్పుతుంటే ఆమె యాదికొస్తది. ఎంత తిప్పిన్నో మరిసిపోత. నా ఎంబడి మీ రోల్స్‌కు గూడ మాటొచ్చె."

నా రోల్స్‌కు మాట వచ్చిందని ఆయన నాకు క్షమాపణ చెప్తున్నాడు! అప్పుడైనా సిగ్గు రావాలి కదా. నేనేమన్నానో తెలుసా? "జర సూస్కొని నడుపు అన్నా. పని కాడ మనసు నిలుపుకోవాలె" అన్నాను. ఆయన భుజం కూడా తట్టాను.

తిరిగొచ్చి, నా తెలివితేటలు వాడాను. పాత కస్టమర్ కదా, సర్వీసు కింద రెండు జతలు పంపుదాం అని ఓనర్‌తో చెప్పి, ఈసారి చక్కగా నిద్ర అయిన మంచి రోల్స్ పంపించాను. ఎవరికీ తెలియకుండా చెడ్డవి పోయి మంచివి వస్తాయి, నూక ఆగిపోతుంది, పెద్దాయన గండం గట్టెక్కుతుంది. ఇదీ నా లెక్క.

జరిగింది వేరు. నా రోల్స్ చేరేలోపే, మిల్లు నుంచి పోయిన బియ్యం లారీ నూకలు ఎక్కువున్నాయని వెనక్కి వచ్చింది. సేటుకు కోపం నషాళానికి అంటింది. పెద్దాయనను షెల్లర్ మీది నుంచి తీసేసి, గేటు పక్కన సంచుల మూతులు కుట్టే పనికి పంపాడు. షెల్లర్ మీదికి హాలియా నుంచి కొత్త ఆపరేటర్‌ను తెచ్చాడు. అతను వచ్చిన రోజే నా కొత్త రోల్స్ కూడా వచ్చాయి, వాటిని బిగించారు. బియ్యం నిండు గింజలతో మల్లెమొగ్గల్లా దిగాయి. మనిషి మారాడు, నూక ఆగింది. ఇక వేరే రుజువు ఎవరికి కావాలి? ఆయన తప్పే అని ముద్ర కొట్టి పెట్టింది నేను పంపిన మంచి రోల్సే.

ఈ సంగతి నాకు మూడు వారాల తర్వాత తెలిసింది. వేరే మిల్లు పని మీద పోయి, ఊరికే పలకరిద్దామని అటు తిరిగాను. గేటు లోపల రేకుల నీడలో పెద్దాయన సంచి కుడుతూ కనిపించాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు మంచిగొస్తున్నయ్ సారు బియ్యం. నా చేతులల్లనే లోపముండె" అన్నాడు, నాకేదో శుభవార్త చెప్పినట్టు.

"గట్ల అనకు అన్నా" అన్నాను.

"లేద్సారు, నిజమే. ఇంట్ల గూడ ఏం ముట్టుకుంటలేను. పొయ్యి మీద పాలు పెట్టమంటే గూడ బుగులైతది. బిడ్డనే అన్నీ సూసుకుంటది. సంచులైతే ఏం కాదు, కుట్టు వంకర పోయినా ఎవనికి నష్టం లేదు."

ఇరవై ఏళ్లు గింజను తాకి లోకానికి నిండు బియ్యం ఇచ్చిన చేతులు అవి. వాటిని ఆయన మోకాళ్ల మీద బోర్లా పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూస్తున్నాడు. టీ తాగి పొమ్మంటే కూడా ఆగలేకపోయాను.

మరునాడు ఫ్యాక్టరీలో ఆ పాత బ్యాచ్ గురించి వెతికాను. ఆ రోజు చేసినవి మొత్తం ఆరు, పంపినవి నాలుగు. మిగిలిన రెండూ, నేను కొలవనే కొలవకుండా, స్టాండు వెనకాల దుమ్ము పట్టి ఉన్నాయి. తుడిచి కొలిచాను. తొంభై ఆరు. అక్క నా వెనక నిలబడి ఉంది.

"నాకు సదువు రాదు సారు, మీరు బుక్కుల ఏం రాసిన్రో నాకు తెల్వదు. గని మీరు ఏ పొద్దు కొలిసిన్రో నాకెరుక" అంది. నెమ్మదిగానే అంది. ముఖాన ఉమ్మేసినా అంత బాధ ఉండేది కాదు.

ఓనర్ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "ఇప్పుడెందుకండీ కెలుకుతారు? రోల్స్ మార్చేశాం, బియ్యం బాగానే వస్తున్నాయి. ఆయనకేమీ ఉద్యోగం పోలేదు కదా, సంచుల దగ్గర ఉన్నాడు. ఈ మాట బయటికి పొక్కితే మిర్యాలగూడలో ఒక్క మిల్లు కూడా మన గడప తొక్కదు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను బయటికొచ్చి మిర్యాలగూడ బస్సెక్కాను.

సేటు ఆఫీసులో కూర్చుని చెప్పి ఉంటే, నన్ను ఊరడించి, తలుపు వేసి, మాట అక్కడితో పూడ్చేసేవాడు. అందుకని మెషిన్ దగ్గరే చెప్తానన్నాను. బాయిలర్ వెనక తుక్కులో పడి ఉన్న పాత రోల్స్ తెప్పించాను. వాటిని బిగించి, హాలియా ఆపరేటర్‌నే నడపమన్నాను. అతను మంచి పనివాడే. చక్రం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చెమటలు కక్కాడు. కింద నూక కుప్ప పడుతూనే ఉంది. పనివాళ్లంతా చుట్టూ చేరారు. అప్పుడు మీటరు తీసి రోల్ మీద ఆనించి, సేటును చూడమన్నాను. తర్వాత మంచి రోల్స్ మళ్లీ బిగించి, గేటు దగ్గరి నుంచి పెద్దాయనను పిలిపించాను. రానన్నాడు. "నా చెయ్యి పెడితే ఖరాబైతది" అన్నాడు. ఇద్దరు బతిమాలి తీసుకొచ్చారు. చెయ్యి తువ్వాలకు తుడుచుకుని చక్రం పట్టుకున్నాడు. కింద దోసిలి పట్టాడు, నలిపాడు, ఊదాడు. గింజలన్నీ నిండుగా ఉన్నాయి. ఒక్కొక్క దాన్నీ వేలితో కదిపి చూసుకున్నాడు.

"నూకలు పడ్డది మా రోల్ ఎంబడి. వేడి మీద కొలిచి, దొంగ తేదీ రాసి పంపింది నేను. పెద్దాయన తప్పు గింజంత గూడ లేదు" అన్నాను, అందరికీ వినపడేటట్టు.

సేటు ముఖం ఎర్రబడింది. "నెల దినాలు నన్ను ఎడ్డోణ్ణి చేస్తివి గద సారూ! ఇంత పెద్ద మనిషిని గేటు కాడ కూసొవెడితి. నీ రోల్స్‌ను నమ్మే గదా!" ఇంకా చాలా అన్నాడు, అవి మీ ముందు చెప్పదగినవి కావు. అన్నీ నాకు తగినవే. ఆ మిల్లు మాకు పోయింది, దాని వెంట ఇంకో రెండు పోయాయి. మా ఓనర్ నన్ను పొమ్మనలేదు గానీ, మీటరు తీసుకుని స్టోర్ రూములో కూర్చోబెట్టాడు. చివరి నాలుగేళ్లు నట్లూ బోల్టులూ ఇస్తూ గడిపాను. సత్యం చెప్పి నేనేదో హరిశ్చంద్రుణ్ణి అయ్యానని అనుకోకండి. నెల రోజులు ఆలస్యంగా చెప్పాను. ఆ నెలలో ఏం జరిగిందో నాకు ఆ మధ్యాహ్నం దాకా తెలియదు.

సేటు తిట్టి వెళ్లిపోయాక పనివాళ్లు ఎవరి పనికి వాళ్లు పోయారు. పెద్దాయన ఇంకా దోసిట్లో గింజలు పట్టుకునే ఉన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను కూడా.

"సారు, మీరు మనసు నిలుపుకొమ్మన్నరు గద" అన్నాడు. "గా రోజు నుంచి ఆమెను తల్సుకుంటలేను. ఆమె యాదికొస్తేనే పని ఖరాబైతున్నదని, గోడ మీది ఫోటో బిడ్డతోని తీపిచ్చి పెట్టెల పెట్టిన. యాదికొస్తే లేసి అటిటు తిరిగిన. ఆమె ముచ్చట తీస్తే బిడ్డను కసురుకున్న. ఇగ వస్తలేదు సారు. నిన్న కూసొని సూసిన, మొఖం సక్కగ కండ్ల ముంగటికి వస్తలేదు."

ఆయన తలెత్తి నా వైపు చూశాడు.

"అంటే ఇందుల ఆమె తప్పేం లేదన్నట్టే గద సారు?"

"లేదన్నా. ఏం లేదు."

ఆయన తల ఊపాడు. గింజలను జాగ్రత్తగా తట్టలో పోశాడు, మెషిన్ ఆపాడు. భుజం మీది తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆమె పోయింది ఆ రోజే అన్నట్టు, బావురుమని ఏడ్చాడు.